నెల జీతం మీద నిలబడ్డ జట్టు

నంద్యాల, ఆళ్లగడ్డ వైపు పల్లెల్లో తిరునాళ్లొస్తే బండలాగుడు పోటీలు పెడతారు. ఏ ఊరి ఎద్దులు ఏ ఏడు ఎన్ని అడుగులు లాగాయో, ఏ కాడి ఎక్కడ మోకాలు వంచిందో, పదేళ్లు గడిచాక కూడా అరుగు మీద కూర్చుని తడుముకోకుండా చెప్పేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. గెలిచిన కాడికి పేరుంటుంది, యజమానికి పేరుంటుంది. ఆ పేర్లు చిన్నపిల్లలకు కూడా తెలుసు. ఇంత జ్ఞాపకమున్న నేల కనుకనే నాకు బాధ. మన పోలీసు శాఖలో నెల జీతం తీసుకుంటూ, బొంబాయి నుంచీ ఢిల్లీ నుంచీ కప్పులు మోసుకొచ్చిన ఫుట్‌బాల్ ఆటగాళ్ల పేర్లు చెప్పమంటే ఈ అరుగుల మీద ఒక్కరూ నోరు విప్పలేరు.

ఆ జట్టు పేరు హైదరాబాద్ సిటీ పోలీస్. 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదుసార్లు బొంబాయిలో రోవర్స్ కప్పు గెలిచింది. రోవర్స్ 1891లో మొదలైన టోర్నమెంటు. మొదట్లో అది తెల్లవాళ్ల పటాలాలు తమలో తాము ఆడుకున్న ఆట. మన దేశస్తుల జట్టు ఒకటి దాన్ని గెలవడానికి 1937 దాకా పట్టింది. ఆ గెలిచింది బెంగళూరు ముస్లింస్. పోటీ నాకౌట్ పద్ధతిలో సాగుతుంది. లీగ్ పోటీల్లో ఈ వారం ఓడినా వచ్చే వారం సర్దుకోవచ్చు. నాకౌట్‌లో ఆ సదుపాయం ఉండదు, ఒక్క సాయంత్రం కాలు తడబడితే మూటాముల్లె సర్దుకుని రైలెక్కాల్సిందే. అలాంటి పోటీలో ఐదేళ్లపాటు ఎవ్వరికీ లొంగకుండా నిలిచిన జట్టు అది. ఢిల్లీలో డ్యూరాండ్ కప్పు కూడా 1950లోనే తెచ్చింది, మోహన్ బగాన్ మీద గెలిచి. ఆ తర్వాత 1954లో, 1957లో, 1961లో మళ్లీ తెచ్చింది. కలకత్తా క్లబ్బుల వెనక వ్యాపారులున్నారు, లక్షల అభిమానులున్నారు, చందాలున్నాయి. ఈ జట్టు వెనక ఉన్నదల్లా నెలాఖరుకు చేతికొచ్చే పోలీసు జీతం, దాంతోపాటు ఒక బడిపంతులు.

ఆ ఐదేళ్లూ మనది వేరే రాష్ట్రం. నంద్యాల మొదట మద్రాసు రాష్ట్రంలో ఉంది. 1953 అక్టోబర్ 1 తర్వాత కర్నూలు రాజధానిగా ఏర్పడ్డ ఆంధ్ర రాష్ట్రంలో ఉంది. హైదరాబాద్ రాష్ట్రమంటే మనకు తుంగభద్ర అవతలి గట్టు. 1956 నవంబర్ 1న ఆంధ్ర రాష్ట్రమూ, హైదరాబాద్ రాష్ట్రంలోని తెలుగు ప్రాంతమూ కలిశాయి. ఆ పోలీసు జట్టు కూడా క్రమంగా పేరు మార్చుకుని ఆంధ్రప్రదేశ్ పోలీస్ అయింది. ఆ కొత్త పేరుతోనే 1960లో రోవర్స్ గెలిచింది, 1961లో డ్యూరాండ్ గెలిచింది. అట్లా ఆ జట్టు నంద్యాలదీ ఆళ్లగడ్డదీ కూడా అయింది. పడిపోయింది కూడా మన చేతికొచ్చాకే. ఈ దుఃఖాన్ని హైదరాబాద్ పాతబస్తీకి అప్పగించి మనం పక్కకు తప్పుకోలేమని నేననడం అందుకే.

ఆ పంతులు సయ్యద్ అబ్దుల్ రహీం. 1909లో హైదరాబాద్‌లో పుట్టాడు. ఉస్మానియాలో చదువుకుంటూ కాలేజీ జట్టుకు ఆడాడు. బి.ఏ. ముగించి కాచిగూడ మిడిల్ స్కూల్లో పాఠాలు చెప్పాడు. వ్యాయామ విద్యలో డిప్లొమా తీసుకున్నాక దారుల్ ఉలూమ్, చాదర్‌ఘాట్ బడుల్లో ఆటల బాధ్యత చూశాడు. 1943లో హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శి అయ్యాడు. చనిపోయేదాకా ఆ పని వదల్లేదు. 1950లో సిటీ పోలీస్ జట్టు ఆయన చేతికొచ్చింది. అదీ చివరిదాకా వదల్లేదు. రహీం సాబ్ అనేవారు అందరూ.

ఆయన పద్ధతి గురించి కొంచెం నిదానంగా చెప్పాలి. ఊళ్లో ఆయన పెట్టిన టోర్నమెంట్లు వేరెక్కడా లేనివి. ఒక పోటీలో బంతిని కాలికి అంటించుకుని ముగ్గురిని తప్పించుకుంటూ పరుగెత్తడం నిషేధం. బంతి అందగానే పక్కవాడికి ఇచ్చెయ్యాలి. ఇంకో పోటీలో వాటంలేని కాలితోనే ఆడాలి. కుడికాలి వాటం ఉన్నవాడు ఎడమతో తన్నాలి, ఎడమవాటం వాడు కుడితో. పిల్లలకు అదొక వేడుక. పంతులు గారికి మాత్రం అది పాఠం. ఒంటరిగా మెరిసి చప్పట్లు కొట్టించుకోవడం అప్పట్లో మన ఆటకు పట్టిన జబ్బు. ఆ జబ్బుకు ఆయన ఉపన్యాసాలు ఇవ్వలేదు, పోటీ నిబంధనే మార్చాడు. వీటికి ఖర్చేముంది? ఒక మైదానం, ఒక బంతి, ఒక ఈల. ఈ రోజు మన జిల్లాలో ఏ హైస్కూల్లోనైనా వ్యాయామోపాధ్యాయుడు రేపు సాయంత్రం మొదలుపెట్టగలిగిన పనులవి.

ఆ మైదానాల్లోంచి వచ్చిన కుర్రాళ్లలో చాలామంది లేనివాళ్ల పిల్లలు. ఆట ఎంత బాగా వచ్చినా ఇంట్లో పొయ్యి వెలగాలి కదా. ఆ సంగతి పోలీసు శాఖ చూసుకుంది. ఆటగాడిని ఉద్యోగంలోకి తీసుకున్నారు. నెల తిరిగేసరికి జీతం, ఉండడానికి చోటు, ఆడడానికి తీరిక ఇచ్చారు. ఒకే బ్యారక్‌లో లేచి, ఒకే మైదానంలో ఏళ్ల తరబడి కలిసి ఆడిన మనుషులకు పక్కవాడు ఎటు పరుగెడతాడో చూడకుండానే తెలుస్తుంది. ఐదు రోవర్స్ కప్పుల రహస్యం అందులోనే ఉందని నా నమ్మకం. మధ్యలో నూర్ మహమ్మద్, వెనక అజీజుద్దీన్. వాళ్లతోపాటు లాయిక్, సలాం, జుల్ఫికరుద్దీన్. ఆ తర్వాత యూసుఫ్ ఖాన్. పేర్లు రాస్తూ పోతే పేజీ చాలదు.

ఆ జట్టు ఆట దేశం ఆటగా మారడానికి ఎంతో కాలం పట్టలేదు. భారత జట్టు కోచ్‌గా రహీం సాబ్‌నే పిలిచారు. 1951లో ఢిల్లీలో జరిగిన మొదటి ఆసియా క్రీడల్లో మనవాళ్లు ఇరాన్‌ను 1-0తో ఓడించి స్వర్ణం గెలిచారు. మరుసటి ఏడాది హెల్సింకి ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో 10-1తో చిత్తుగా ఓడారు. ఆ చలిలో మనవాళ్లు చాలామంది బూట్లు లేకుండానే ఆడారు. పది గోల్స్ తిన్నాక బూట్లు తప్పనిసరి చేశారు. రహీం సాబ్ ఇంకోటి కూడా నేర్చుకుని వచ్చాడు. ఆ ఒలింపిక్స్‌లో స్వర్ణం గెలిచిన హంగరీ, ముందుండాల్సిన సెంటర్ ఫార్వర్డ్‌ను వెనక్కి దించి ఆడుతోంది. ప్రత్యర్థి రక్షకులకు ఎవరిని కాచుకోవాలో తెలియడం లేదు. ఆ ఎత్తును ఆయన ఇక్కడి మట్టిలో నాటాడు.

1956లో మెల్‌బోర్న్. ఆ జట్టులో హైదరాబాద్ మైదానాల్లో పెరిగినవాళ్లు ఎంతమందో చూస్తే ఇప్పటికీ నమ్మశక్యం కాదు. నూర్, అజీజ్, సలాం, జుల్ఫికర్, అహ్మద్ హుస్సేన్, అమ్ముగూడ నుంచి వచ్చిన ఇరవై ఏళ్ల తులసీదాస్ బలరాం, గోల్‌లో పీటర్ తంగరాజ్. ఆస్ట్రేలియాను 4-2తో ఓడించారు. బొంబాయి కుర్రాడు నెవిల్ డిసౌజా మూడు గోల్స్ కొట్టాడు. ఆసియా దేశం ఒకటి ఒలింపిక్ ఫుట్‌బాల్ సెమీఫైనల్‌కు చేరడం అదే మొదటిసారి. సెమీస్‌లో యుగోస్లావియా మీద మొదటి గోల్ కూడా మనదే. తర్వాత ఓడిపోయారు. కాంస్యం కోసం బల్గేరియాతో ఆడి అదీ ఓడి నాలుగో స్థానంలో నిలిచారు. 1956-57లో, ఆ మరుసటి సీజన్‌లో రాష్ట్రాల జట్లు ఆడే సంతోష్ ట్రోఫీ కూడా హైదరాబాద్‌కే వచ్చింది. 1960లో రోమ్‌లో ఫ్రాన్స్‌ను 1-1తో నిలువరించారు. హంగరీ మీదా, పెరూ మీదా గోల్స్ కొట్టింది బలరామే. ఆ తర్వాత ఈ రోజు దాకా భారత ఫుట్‌బాల్ జట్టు ఒలింపిక్స్‌కు వెళ్లలేదు.

ఇక జకార్తా. 1962 సెప్టెంబర్ 4. ఆసియా క్రీడల ఫైనల్, ఎదురుగా దక్షిణ కొరియా. మొదటి మ్యాచ్‌లో ఇదే కొరియా మనల్ని 2-0తో ఓడించింది. ఇజ్రాయెల్, తైవాన్‌లను ఆ క్రీడలకు రానివ్వకపోవడాన్ని భారత ప్రతినిధి జి.డి. సోంధీ బాహాటంగా తప్పుపట్టడంతో ఊరు ఊరంతా మన మీద మండిపడుతోంది. స్టేడియంలో లక్షమంది, మన జాతీయగీతానికి కూడా వెక్కిరింతలు. డిఫెండర్ జర్నయిల్ సింగ్ తలకు కుట్లున్నాయి. ఆ తలతోనే రహీం సాబ్ అతన్ని సెంటర్ ఫార్వర్డ్‌గా దింపాడు. గోల్‌లోకి తంగరాజ్‌ను తెచ్చాడు. ముందు వరుసలో పి.కె. బెనర్జీ, చునీ గోస్వామి, బలరాం, వాళ్లతో యూసుఫ్ ఖాన్. ఒక గోల్ పి.కె. కొట్టాడు, ఇంకోటి కుట్లు పడ్డ తలవాడు కొట్టాడు. 2-1. స్వర్ణం.

అప్పటికే రహీం సాబ్ ఊపిరితిత్తుల్లో క్యాన్సర్ పెరుగుతోంది. జకార్తా నుంచి వచ్చిన తొమ్మిది నెలలకు, 1963 జూన్ 11న ఆయన పోయాడు. 53 ఏళ్లు.

ఇక్కడిదాకా కథ చెప్పేవాళ్లు చాలామందే ఉన్నారు. హిందీలో సినిమా కూడా వచ్చింది. ఆయనతోపాటే ఆట కూడా సమాధిలోకి వెళ్లిపోయిందని చెప్పి వాళ్లు ముగిస్తారు. నేను ఒప్పుకోను. ఒక మనిషి పోతే ఒక ఊరి ఆట పోదు. అలా అనుకోవడం మిగిలినవాళ్లకు సుఖంగా ఉంటుంది, అంతే. ఆయన పోయిన ఏడాది, 1963లో కూడా, రోవర్స్ కప్పు ఆంధ్రప్రదేశ్ పోలీస్‌కే వచ్చింది. ఆ జట్టుకది తొమ్మిదోది. 1965-66లో సంతోష్ ట్రోఫీ ఆంధ్రప్రదేశ్ గెలిచింది, బెంగాల్‌నే ఓడించి. ఆయన వేసిన పాదు ఎండిపోవడానికి ఇంకా చాలా ఏళ్లు పట్టింది. నీళ్లు పెట్టేవాళ్లు లేకనే అది ఎండింది.

ఆ సంతోష్ ట్రోఫీయే మన రాష్ట్రానికి ఆఖరుది.

ఎండిపోవడం ఎట్లా జరిగిందంటే, చప్పుడు లేకుండా జరిగింది. బలరాం 1957లోనే ఈస్ట్ బెంగాల్‌కు వెళ్లాడు. అతని వెనక వరసగా అందరూ బండి కట్టారు. 1966లో సయ్యద్ నయీముద్దీన్ వెళ్లాడు, మహమ్మద్ హబీబ్ వెళ్లాడు. నయీం 1970 బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో కాంస్యం గెలిచిన జట్టుకు కెప్టెన్. హబీబ్ కలకత్తాలో బడే మియా అయ్యాడు. 1977 సెప్టెంబర్‌లో ఈడెన్ గార్డెన్స్‌లో పెలే ఆడిన న్యూయార్క్ కాస్మోస్‌తో మోహన్ బగాన్ 2-2తో సమంగా నిలిచినప్పుడు ఆ జట్టులో ముందుండి ఆడినవాడు ఈ హైదరాబాద్ మనిషే. అతని తమ్ముడు అక్బర్ కూడా అక్కడికే. ఆ తర్వాత షబ్బీర్ అలీ, విక్టర్ అమల్‌రాజ్. వీళ్లని నేను తప్పుపట్టను. ఆడినన్నాళ్లే ఆటగాడికి గిరాకీ. మోకాలు అరిగాక అడిగేవాడుండడు. కలకత్తా పిలిచింది, మంచి డబ్బు చూపింది, పేరిచ్చింది. ఇక్కడ ఆగి ఉండమని చెప్పడానికి ఎవరి దగ్గర ఏముంది?

ఒకప్పుడు సమాధానం ఉండేది, పోలీసు ఉద్యోగం. యాభైల్లో ఆ జీతం కలకత్తా ఇచ్చే సొమ్ముకు కాస్త అటూ ఇటూగా తూగింది. అరవైల్లో తూగలేదు. డెబ్బైల్లో దాన్ని తూచడమే మానేశారు. ఆట చూసి ఉద్యోగంలోకి తీసుకునే అలవాటు శాఖలో సన్నగిల్లింది. పాత ఆటగాళ్లు పదవీ విరమణ చేస్తూ పోయారు, వాళ్ల ఖాళీల్లో ఆటగాళ్లు రాలేదు. ఒక ఖాళీ అంటే ఫైల్లో ఒక గీత. మైదానంలో అదే ఖాళీ ఒక తరం. రహీం సాబ్ ఇరవై ఏళ్లు ఒంటి చేత్తో నడిపిన సంఘంలో ఆ తర్వాత పీఠాల కొట్లాటలు మొదలయ్యాయి. ఎవరిది అసలు సంఘమో తేల్చుకోవడానికి కోర్టులకెక్కారు. మా సీమలో ముఠాతగాదాల వల్ల ఊళ్లు ఎట్లా ఎండిపోయాయో చూసినవాళ్లకు ఇది వివరించనక్కర్లేదు. 1996లో దేశంలో మొదటిసారి జాతీయ ఫుట్‌బాల్ లీగ్ మొదలుపెట్టారు. ఆ జాబితాలో హైదరాబాద్ పేరు లేదు. 2000-01 తర్వాత రోవర్స్ కప్పు కూడా ఆగిపోయింది. తొమ్మిదిసార్లు గెలిచిన జట్టూ లేదు, గెలవడానికి ఆ కప్పూ లేదు.

ఇట్లాంటి చావు మనకొక్కరికే వచ్చిందనుకోవద్దు. అమెరికా ఉత్తర రాష్ట్రాల్లో కాలేజీ కుర్రాళ్ల ఐస్ హాకీ అంటే మనకు క్రికెట్ మీద ఉన్నంత మోజు. అక్కడ 1951లో కొన్ని కాలేజీలు కలిసి ఒక లీగ్ పెట్టుకున్నాయి, తర్వాత్తర్వాత డబ్ల్యూసీహెచ్ఏ అన్న పేరుతో స్థిరపడింది. అంటే మన పోలీసులు రోవర్స్ గెలుస్తున్న కాలంలోనే. ఏటా మార్చిలో దాని ప్లేఆఫ్‌లు జరుగుతుంటే ఊళ్లకు ఊళ్లు తరలివెళ్లేవి. 2013లో మిన్నెసోటా, విస్కాన్సిన్, నార్త్ డకోటా లాంటి పెద్ద విశ్వవిద్యాలయాలు తమ లెక్కలు తాము చూసుకుని వేరే లీగ్‌లకు వెళ్లిపోయాయి. మిగిలినవాటిలో ఏడు కలిసి తమ దారి తాము చూసుకుంటామన్నాయి. 2021 మార్చిలో ఆఖరి ప్లేఆఫ్ ఫైనల్లో లేక్ సుపీరియర్ స్టేట్ అనే చిన్న కాలేజీ 6-3తో గెలిచింది. డెబ్బై ఏళ్ల పురుషుల లీగ్ అంతటితో ముగిసింది. అక్కడి కుర్రాళ్లకు ఆట రాకపోలేదు, చూసేవాళ్లకు ఇష్టం తగ్గలేదు. జీతాలూ ఖర్చులూ భరించే సంస్థలు లేచి వెళ్లిపోయాయి. ఆ నిర్ణయాలు జరిగే గదిలో ఆటగాడికీ అభిమానికీ కుర్చీ ఉండదు. అక్కడా అంతే, ఇక్కడా అంతే. తేడా ఒకటుంది. అక్కడ ఆ కాలేజీలు వేరేచోట ఇంకా ఆడుతున్నాయి. మన పోలీసు జట్టు వారసులు ఎక్కడా ఆడడం లేదు.

మనుషుల సంగతి చెప్పాలి. యూసుఫ్ ఖాన్ చివరి రోజుల్లో జబ్బుతో తీసుకుని 2006 జులైలో పోయాడు. ఒకప్పుడు ఆసియా మొత్తంలో ఉత్తమ గోల్‌కీపర్ అనిపించుకున్న తంగరాజ్ 2008లో బొకారోలో పోయాడు. రహీం సాబ్ కొడుకు ఎస్.ఎస్. హకీం తండ్రి కోచ్‌గా ఉన్న రోమ్ ఒలింపిక్ జట్టులో సభ్యుడు, వాయుసేనలో అధికారి, తర్వాత అంతర్జాతీయ రెఫరీ. 2021 ఆగస్టులో గుల్బర్గాలో కన్నుమూశాడు. అహ్మద్ హుస్సేన్‌ను అదే ఏడాది కరోనా తీసుకుపోయింది. బలరాం 2023 ఫిబ్రవరి 16న పోయాడు, అమ్ముగూడకు వందల మైళ్ల దూరంలో, కలకత్తాలో. ఆ ఏడాదే ఆగస్టు 15న హబీబ్. ఆయన మాత్రం హైదరాబాద్‌లోనే పోయాడు, జ్ఞాపకశక్తిని మింగే జబ్బుతో. పెలేకు ఎదురునిలిచిన సాయంత్రం ఆ మనిషికి చివర్లో గుర్తుందో లేదో.

ఆళ్లగడ్డ శిల్పుల చేతుల్లో రోజూ దేవుళ్లు రూపం దాలుస్తున్నారు, నాయకులు రూపం దాలుస్తున్నారు. లారీల్లో ఎక్కి రాష్ట్రాలు దాటి వెళ్తున్నారు. ఎవరైనా ఒక్కరు వచ్చి, ఈల మెడలో వేసుకున్న ఒక బడిపంతులు విగ్రహం కావాలని అడగాలని నాకు చాలాకాలంగా కోరిక. అది హైదరాబాద్‌లో కాదు, ఏదో ఒక జిల్లా పరిషత్ హైస్కూల్ ఆటస్థలం పక్కన ఉండాలి.

ఇక రెండో పతనం. మొదటిదానికి దశాబ్దాలు పట్టింది, దీనికి ఆరేళ్లు.

2019 ఆగస్టులో, పుణే నగరపు క్లబ్ మూతపడితే దాని స్థానంలో ఇండియన్ సూపర్ లీగ్‌లోకి హైదరాబాద్ ఎఫ్‌సీ వచ్చింది. గచ్చిబౌలి స్టేడియం సొంతిల్లు. మొదటి సీజన్‌లో రెండే విజయాలతో అట్టడుగున నిలిచింది. తర్వాత మనోలో మార్కెజ్ అనే స్పెయిన్ కోచ్ వచ్చాడు. పెద్ద పేర్ల వెంట పడకుండా కుర్రాళ్లను ఎంచుకుని, ఓపిగ్గా దిద్దాడు. అతని పనితీరు చూస్తుంటే చాదర్‌ఘాట్ పంతులు గుర్తొచ్చాడని రాస్తే ఎవరైనా నవ్వుతారేమో తెలీదు, నాకు మాత్రం గుర్తొచ్చాడు. 2021-22లో నైజీరియా ఆటగాడు బార్తొలొమ్యూ ఒగ్బెచె ఒక్కడే 18 గోల్స్ కొట్టాడు. ప్లేఆఫ్ సెమీస్‌లో రెండు మ్యాచ్‌లు కలిపి 3-2తో ఏటీకే మోహన్ బగాన్‌ను దాటారు. ఒకప్పుడు మన ఆటగాళ్లను తీసుకెళ్లిన కలకత్తాను దాటారు.

ఫైనల్ 2022 మార్చి 20న గోవాలోని ఫతోర్దాలో. ఎదురుగా కేరళ బ్లాస్టర్స్, గ్యాలరీల నిండా పసుపు చొక్కాలు. 68వ నిమిషంలో కేరళ గోల్ కొట్టింది. ఇరవై నిమిషాలపాటు ఏమీ తోచలేదు. 88వ నిమిషంలో మధ్యలో దిగిన సాహిల్ తవోరా గాల్లో ఉన్న బంతిని దూరం నుంచి తన్నాడు, 1-1. అదనపు సమయంలోనూ తేలలేదు. పెనాల్టీల్లో లక్ష్మీకాంత్ కట్టిమణి మూడు ఆపాడు. 3-1. కెప్టెన్ జువావ్ విక్టర్ కప్పు ఎత్తాడు. సరిగ్గా పదిహేను రోజులకు, ఏప్రిల్ 4న నంద్యాల జిల్లా పుట్టింది. ఆ పక్షం రోజులు నాకు పండగే. ఆంధ్రప్రదేశ్ పోలీస్ తర్వాత హైదరాబాద్ పేరు మీద ఒక జాతీయ కిరీటం రావడానికి దాదాపు అరవై ఏళ్లు పట్టింది మరి.

మరుసటి సీజన్‌లోనూ బాగానే ఆడారు, లీగ్‌లో రెండో స్థానం. సెమీస్‌లో అదే మోహన్ బగాన్ చేతిలో పెనాల్టీల్లో ఓడారు. మనోలో వెళ్లిపోయాడు. ఆ తర్వాత జీతాలు ఆగాయి.

ఆటగాళ్లకు బకాయిలు, సిబ్బందికి బకాయిలు. ఫిర్యాదులు ఫిఫా దాకా వెళ్లాయి. కొత్త ఆటగాళ్లను తీసుకోకూడదని నిషేధం పడింది. విదేశీయులు ఒక్కొక్కరే విమానం ఎక్కారు. కప్పు ఎత్తిన జువావ్ విక్టర్ మాత్రం ఆగాడు. భారతీయుల్లో పేరున్నవాళ్లు వేరే జట్లకు పోయారు. మిగిలిన పసివాళ్లతో 2023-24 సీజన్ నెట్టుకొచ్చారు. 22 మ్యాచ్‌ల్లో ఒక్క విజయం. ఎనిమిది పాయింట్లతో పట్టికలో అందరికన్నా కింద. రెండేళ్ల క్రితం ఛాంపియన్లు వీళ్లే. జీతం రాకపోయినా, గెలుపు దక్కకపోయినా ప్రతి వారం చొక్కా వేసుకుని మైదానంలోకి దిగిన ఆ ఇరవై ఏళ్ల కుర్రాళ్ల గురించి ఎవరూ ఏమీ రాయలేదు. కప్పు గెలిచినవాళ్లకంటే వాళ్ల గురించే నాకు ఎక్కువ తలపు. ఆ సీజన్ ముగిసిన 2024 ఏప్రిల్‌లోనే రహీం సాబ్ మీద తీసిన మైదాన్ సినిమా థియేటర్లలోకి వచ్చింది. తెర మీద జకార్తా గెలుస్తుంటే గచ్చిబౌలిలో ఆయన ఊరి జట్టు అప్పుల్లో ఉంది.

2024 సెప్టెంబర్ 3న భారత జట్టే గచ్చిబౌలికి వచ్చింది, ఇంటర్‌కాంటినెంటల్ కప్పు ఆడడానికి. కోచ్ కుర్చీలో ఈసారి మనోలో మార్కెజ్. జకార్తా ఫైనల్‌కు అరవై రెండేళ్లు నిండడానికి ఒక్క రోజు తక్కువ. మారిషస్‌తో 0-0. తర్వాత సిరియా చేతిలో 0-3. ఆ డిసెంబర్ 31న సంతోష్ ట్రోఫీ ఫైనల్ కూడా అక్కడే జరిగింది. బెంగాల్, కేరళ ఆడాయి, బెంగాల్ గెలిచింది. తెలంగాణ గ్రూప్ దశలోనే ఆగిపోయింది. హైదరాబాద్ అతిథులకు మైదానం ఇచ్చి పక్కన నిలబడింది.

క్లబ్‌ను కొత్త యజమానులు కొన్నారు. ఒక సీజన్ నడిపారు. 2025 అక్టోబర్‌లో దాన్ని ఢిల్లీకి తరలించి స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అని పేరు మార్చారు. కొన్న సరుకును ఎక్కడికైనా తీసుకెళ్లే హక్కు కొన్నవాడికి ఉంటుంది. పోలీసు జట్టునైతే ఎవరూ ఇట్లా ఢిల్లీకి తరలించగలిగేవాళ్లు కాదు. దాని ఆటగాళ్ల పేర్లు ఇక్కడి జీతాల రిజిస్టర్లో ఉండేవి.

ఇప్పటికీ ఈ నేల ఆటగాళ్లను కంటూనే ఉంది. నిజామాబాద్ జిల్లా తండా నుంచి వచ్చిన సౌమ్య గుగులోతును 2024-25 సీజన్‌కు దేశంలోని ఉత్తమ మహిళా ఫుట్‌బాలర్‌గా అఖిల భారత సమాఖ్య ఎంపిక చేసింది. ఆ సీజన్‌లోనే ఆమె జట్టు జాతీయ మహిళా లీగ్ గెలిచింది. ఆ జట్టు ఈస్ట్ బెంగాల్, 1957లో బలరాం వెళ్లి చేరిన క్లబ్బే.